బుకిట్ బటోక్‌లో నేను పారేసిన సైలెన్సర్ జాలీ

సింగపూర్ వెళ్లొచ్చానంటే మా తణుకులో అందరూ ముందు అడిగేది అక్కడి మేడల ఎత్తు గురించి. నేను వాటిని పెద్దగా చూడలేదు. పన్నెండు రోజులు ఉండి, అందులో సగం రోజులు ఒక పాత మోటారు సైకిలు వెంట తిరిగాను. చూడాల్సినవి చూడకుండా వచ్చానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆవిడ కోసమూ, ఇంకా ఆ ఊరు వెళ్లనివాళ్ల కోసమూ, నేను చూసినంత మటుకు రాస్తున్నాను.

నాది బస్టాండు వెనక టూవీలర్లు బాగుచేసే షాపు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేస్తానని ఊళ్లో పేరు. ఆ పేరు ఊళ్లోకి పంపింది చాలావరకు నేనే. మా చెల్లెలు పద్మ భర్త రఘు సింగపూర్‌లో ఒక బ్యాంకుకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాడు. కంప్యూటరు నేర్చిన ప్రతివాడికీ విమానం టికెట్టు వస్తున్న రోజులవి. టికెట్టు తనే పంపి, ఒక్కసారి వచ్చి చూసి వెళ్లమన్నాడు. షాపు మా పెదనాన్న కొడుక్కి అప్పగించి బయల్దేరాను.

చాంగీ నుంచి ఇంటికి

విమానాశ్రయం నుంచి టాక్సీలో వస్తూ నేను గమనించినవి రెండు. మొదటిది, ఎవడూ హారన్ కొట్టడు. మా ఊళ్లో హారన్ అంటే తిట్టు కాదు, పలకరింపు. వెనక వస్తున్నానని చెప్పకుండా పక్కనుంచి దూసుకుపోతే అది అమర్యాద. ఇక్కడ బండి నడిపేవాడు పక్క వరుసలోకి మారే ముందు మెడ తిప్పి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు. అద్దం ఉన్నా చూస్తాడు. మేం అద్దాలు ఉంటే అందులో తల దువ్వుకుంటాం, లేదా రోడ్డు మీద తగులుతున్నాయని లోపలికి మడిచేస్తాం.

రెండోది, బండ్ల మీద వెళ్లేవాళ్లు కోటు తిరగేసి వేసుకున్నారు. గుండీలు వీపు వైపు, వీపు భాగం గుండె మీద. మొదటివాణ్ణి చూసి పొద్దున్నే హడావుడిలో తిరగబడి ఉంటుందనుకున్నాను. నాలుగోవాణ్ణి చూశాక ఇది ఇక్కడి అలవాటని తెలిసింది. ఎదురుగాలి గుండెకి తగలకుండా, చొక్కా మాసిపోకుండా అలా వేసుకుంటారని రఘు చెప్పాడు. ఆలోచిస్తే సబబే. అయినా తణుకులో అలా తిరిగితే ఏమంటారో నాకు తెలుసు కాబట్టి ఇంకా ప్రయత్నించలేదు.

తొమ్మిదో అంతస్తు

బుకిట్ బటోక్‌లో మా చెల్లెలి ఫ్లాటు తొమ్మిదో అంతస్తులో ఉంది. ప్రభుత్వం కట్టించిన ఇళ్లు. ఒకే రంగు, ఒకే కిటికీలు. మొదటి రెండు రోజులూ నేను పక్క బ్లాకుకి వెళ్లి లిఫ్టెక్కి, వేరేవాళ్ల తలుపు ముందు నిలబడ్డాను. రెండోసారి ఆ ఇంటి చైనా ముసలమ్మ నన్ను గుర్తుపట్టి, వేలితో మా బ్లాకు చూపించింది.

ఆ ఇంట్లో నాకు బాగా నచ్చింది వంటగది గోడకున్న చిన్న ఇనుప తలుపు. దాన్ని లాగి చెత్త అందులో వేస్తే, గోడ లోపలి గొట్టంలోంచి తొమ్మిది అంతస్తులూ దిగి కిందున్న తొట్టెలో పడుతుంది. చ్యూట్ అంటారు. పద్మ మొదటిరోజే హెచ్చరించింది.

"అన్నయ్యా, ఇక్కడ చెత్త ఇంట్లో నిలవుంచకూడదు. ఎప్పటిదప్పుడు పడెయ్యాలి. నీ షాపులాగా డబ్బాల్లో దాచకు."

మా షాపులో నాలుగు నూనె డబ్బాలున్న మాట నిజమే. పాత బోల్టు, అరిగిన గేరు పళ్లచక్రం, విరిగిన క్లచ్చు లివరు, ఏదీ పారెయ్యం. ఏ బండికి ఏ ముక్క ఎప్పుడు అవసరమవుతుందో ఎవరికి తెలుసు? పద్మ చిన్నప్పటి నుంచీ ఆ డబ్బాల మీద కోపంగానే ఉంది. ఆ రోజు ఉల్లిపొట్టు చ్యూట్‌లో వేసి, పడిన చప్పుడు వినిపిస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. వినిపించలేదు.

మేడ కింద

ఆ మేడలకి కింది అంతస్తులో ఇళ్లుండవు. స్తంభాల మధ్య ఖాళీ జాగా వదులుతారు. పెళ్లయినా, చావయినా, ముసలివాళ్ల కబుర్లయినా అక్కడే. నాలుగో రోజు సాయంత్రం నేను అక్కడ కూర్చుని ఉండగా పార్కింగ్ వైపు నుంచి ఒక రెండు స్ట్రోకుల ఇంజను వచ్చిన చప్పుడు వినిపించింది. మధ్యమధ్యలో ఒక దెబ్బ మింగుతోంది. బండి కనపడకముందే సైలెన్సర్ మూసుకుపోయిందని నాకు తెలిసిపోయింది.

బండి దిగిన మనిషికి అరవై దాటి ఉంటాయి. సన్నగా, నల్లగా, తిరగేసిన కోటుతో ఉన్నాడు. హ్యాండిల్‌కి ఒక ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. అందులో పాలు లేని వేడి కాఫీ, మూతికి తాడు. ఇక్కడ కాఫీ సంచుల్లో కట్టిస్తారు. అది చిందకుండా మూడు మైళ్లు తెచ్చిన మనిషిని చూసి నాకు ముందే గౌరవం కలిగింది. నేను బండి చుట్టూ తిరుగుతుంటే ఆయన తమిళంలో ఏదో అడిగాడు. నేను తెలుగులో తడబడ్డాను. ఆయన ముఖం మారింది.

"ఏటి బాబూ, తెలుగోడివా? ఏ ఊరు?"

ఆయన పేరు అప్పలసామి. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చాడట. తండ్రి సింగపూర్ చేరాడు. ఈయన ఇక్కడే పుట్టాడు. తాత ఊరి పేరు తెలుసుగానీ ఎప్పుడూ వెళ్లలేదు. మాట్లాడే తెలుగు మాత్రం తాత తెచ్చినట్టే ఉంది, మధ్యలో తమిళం, మలయ్ ముక్కలు పడతాయి. తణుకు వైజాగుకి పక్కనా అని అడిగాడు. పక్కనే అన్నాను. అంత దూరం నుంచి చూస్తే పక్కనే.

హాకర్ సెంటర్

మర్నాడు ఉదయం ఆయనే పిలిచి టిఫిన్‌కి తీసుకెళ్లాడు. పెద్ద షెడ్డు కింద ఇరవై ముప్పై కొట్లుంటాయి. ఎక్కడైనా కొనుక్కుని, ఎక్కడైనా కూర్చుని తినొచ్చు. నేను ఖాళీ బల్ల చూసి కూర్చున్నాను. బల్ల మీద ఎవరో కాగితం రుమాళ్ల పొట్లం మరిచిపోయి వెళ్లారు. రాత్రి ఆయన బండి తడిమినప్పుడు గోళ్లలో చేరిన గ్రీజు తుడుచుకోవడానికి బాగుంటుందని విప్పి రెండు వాడాను. ఈలోగా పళ్లేలు పట్టుకుని ఒక చైనా జంట వచ్చి నిలబడ్డారు. పొట్లం మరిచిపోలేదట, బల్ల తమదని చెప్పడానికి పెట్టి వెళ్లారట. దాన్ని చోప్ చెయ్యడం అంటారు. మన బస్సుల్లో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే. మనం అయితే తువ్వాలు తీసినవాడితో తగాదాకి దిగుతాం. వాళ్లు సారీ చెప్పి వేరే బల్ల వెతుక్కున్నారు, మిగిలిన రుమాళ్లు నాకే వదిలేశారు.

పరోటా ఒకటి అరవై సెంట్లు. మన డబ్బులో పదిహేను రూపాయలు. పక్కన చేపల పులుసు ఉచితం. పులుసులో చింతపండు తక్కువ, కొబ్బరి ఎక్కువ. ఆ మాట నేను అనకుండా ఆపుకున్నాను, ఆయనే అన్నాడు.

తింటూ అప్పలసామి గారు తన కష్టం చెప్పారు. ఆయన పని డిస్పాచ్. అంటే ఆఫీసుల మధ్య కాగితాలు మోసే పని. కంప్యూటర్లమ్మే కంపెనీలు, బ్యాంకులు రోజూ ఒప్పందాలు రాసుకుంటాయి. సంతకాల కోసం ఆ కాగితాలు ఈ బండి మీదే ఊరంతా తిరుగుతాయి. ముప్పై ఏళ్లుగా అదే పని. పదవీ విరమణకి ఇంకా ఎనిమిది నెలలుంది. ఈమధ్య కాగితాలు ఈమెయిల్లో పోతున్నాయి కాబట్టి కంపెనీ ముసలివాళ్లని ఎప్పుడు తగ్గిద్దామా అని చూస్తోంది. అసలు సమస్య బండిది. ఇక్కడ ఏటేటా బండిని తనిఖీ కేంద్రానికి తీసుకెళ్లి చూపించాలి. అక్కడ పాసయితేనే రోడ్డు పన్ను కట్టించుకుంటారు. పన్ను గడువు శనివారంతో సరి. గురువారం తనిఖీ. బండి పొగ కక్కుతోంది, ఎత్తు ఎక్కలేకపోతోంది. షాపువాడు ఇంజను విప్పాలన్నాడు, ఇంత పాత బండికి అంత ఖర్చు దండగని వాడే అన్నాడు. శనివారానికి బండి రోడ్డెక్కే యోగ్యత లేకపోతే సోమవారం ఆయన రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఇంజను విప్పక్కర్లేదని నేనన్నాను. ఒక్క సాయంత్రం చాలన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను.

రిపేరు

బుధవారం సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టాను. ఆయన ముందుగా నేల మీద దినపత్రికలు పరిచారు. నూనె చుక్క నేల మీద పడకూడదట. స్పానర్లు నూనెగుడ్డలో చుట్టి వరసగా ఉన్నాయి. మా షాపులో స్పానరు వెతకడానికే సగం రోజు పడుతుంది. ప్లగ్గు మార్చాను, కార్బురేటర్ కడిగాను, నూనె పంపు ఎక్కువగా వదులుతుంటే సరిచేశాను. పొగ తగ్గింది. ఇంతవరకు చేసిన పనికి ఎవరూ వంక పెట్టలేరు.

తర్వాత సైలెన్సర్ వెనక బోల్టు విప్పి లోపలి గొట్టం లాగాను. చిల్లులున్న ఆ గొట్టాన్ని మేం జాలీ అంటాం. ఇంజను మోతని మింగేది అదే. మసి పట్టి చిల్లులన్నీ పూడిపోయాయి. తణుకులో అయితే గడ్డిమంట వేసి కాల్చి, కొట్టి, శుభ్రం చేసి మళ్లీ పెడతాను. మంట వేద్దామా అంటే అప్పలసామి గారు భయపడిపోయారు. మేడ కింద అగ్గిపుల్ల గీసినా ఎవరో ఒకరు ఫోను చేస్తారట. సరే, జాలీ లేకుండానే బిగించేశాను. బండి ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. మా ఊళ్లో కుర్రాళ్లు పికప్ కోసం డబ్బులిచ్చి మరీ జాలీ తీయించుకుంటారు.

అప్పుడే రఘు ఆఫీసు నుంచి వచ్చాడు. కాసేపు విని, "బావగారూ, ఇక్కడ అలాంటివి ఒప్పుకోరేమోనండీ. బండిలో ఏదీ మార్చకూడదంటారు" అన్నాడు.

నేను నవ్వాను. ప్రోగ్రాముల సంగతి నేను మాట్లాడనప్పుడు ఇంజన్ల సంగతి అతనెందుకు మాట్లాడాలి అనుకున్నాను. పైకి అనలేదు గానీ ముఖంలో కనపడే ఉంటుంది. అప్పలసామి గారు సైలెన్సర్ వెనక చెయ్యి పెట్టి గాలి చూసి, బాగుందన్నట్టు తలూపారు. నేను ఒక చుట్టు నడిపి చూస్తానంటే మాత్రం తాళం ఇవ్వలేదు. ఇక్కడి లైసెన్సు లేనివాడు పార్కింగ్‌లో పది గజాలు నడిపినా తప్పేనట.

ఆ మసి గొట్టాన్ని కాగితంలో చుట్టి పైకి తీసుకెళ్లాను. పద్మ చూడకముందే వంటగదిలో చ్యూట్ తలుపు లాగి అందులో వదిలాను. ఈసారి చప్పుడు వినిపించింది. ఠంగు ఠంగుమంటూ తొమ్మిది అంతస్తులూ దిగింది. జీవితంలో బండి ముక్క ఒక్కటీ పారెయ్యనివాణ్ణి, ఆ ఊరివాళ్లకంటే శుభ్రంగా ఉన్నానని మురిసిపోయాను. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే అదే.

తనిఖీ కేంద్రం

గురువారం ఉదయం ఆయన వెనక కూర్చుని నేనూ వెళ్లాను. వెనక కూర్చున్నవాడికీ హెల్మెట్ తప్పనిసరి. మొదటి వంతెన కింద నుంచి పోతున్నప్పుడు బండి మోత గోడలకి తగిలి తిరిగి నా చెవిలో పడింది. అప్పుడు మొదటిసారి అనుమానం వచ్చింది. రెండో వంతెన కింద పక్క బండివాడు తల తిప్పి చూశాడు. వరుస మారడానికి కాదు, మమ్మల్ని చూడటానికి. అప్పలసామి గారు మాత్రం నిశ్చింతగా నడుపుతున్నారు. మెడ తిప్పి చూడటం, సిగ్నల్ వెయ్యడం, వరుస మారడం, అన్నీ పాఠం అప్పజెప్పినట్టు చేస్తున్నారు.

తనిఖీ కేంద్రంలో బండ్లు వరుసలో నిలబడ్డాయి. బేరం లేదు, బ్రోకరు లేడు, టీ డబ్బులు అడిగేవాడు లేడు. మా రవాణా ఆఫీసులో బండి ఎలా ఉన్నా పర్లేదు, మనిషి సరైనవాడిని పట్టుకోవాలి. ఇక్కడ మనిషి ఎవరైనా పర్లేదు. బ్రేకులు పాస్, లైట్లు పాస్, పొగ పాస్. నేను అప్పలసామి గారి వైపు గర్వంగా చూశాను. ఆఖర్న ఒక మలయ్ యువకుడు సైలెన్సర్ దగ్గర మైకులాంటిది పెట్టి ఇంజను పెంచమన్నాడు. తెర మీద అంకె చూశాడు. వంగి గొట్టంలోకి టార్చి వేశాడు. లేచి, అంకుల్ అంటూ మర్యాదగా మలయ్‌లో రెండు మాటలు చెప్పి, కాగితం చేతిలో పెట్టాడు. ఫెయిల్.

అప్పలసామి గారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "నువ్వు తీసిన గొట్టం పెట్టీద్దాం బాబూ. రేపు మళ్లీ సూపిద్దాం. సుళువే కదా" అన్నారు.

ఆ గొట్టం ఎక్కడుందో చెప్పాను. ఆయన చాలాసేపు హెల్మెట్ పట్టీ పెట్టుకోవడంలోనే ఉండిపోయారు.

మేడ దగ్గరికి వచ్చేసరికి చెత్త లారీ పొద్దున్నే వచ్చి వెళ్లిపోయింది. తొట్టె కడిగి ఉంది, తడి కూడా ఆరలేదు. అంత శుభ్రమైన చెత్తతొట్టె నేను చూడలేదు, అంత బాధపెట్టిందీ లేదు. తర్వాత విడిభాగాల కొట్టుకి వెళ్లాం. ఆ మోడల్ ఆగిపోయిందనీ, జాలీ విడిగా రాదనీ, మొత్తం సైలెన్సర్ తెప్పించాలంటే రెండు వారాలనీ చెప్పారు. మాకున్నది రెండు రోజులు. వద్దన్న పని చేసి, ఆ మనిషి ఎనిమిది నెలల బతుకుతెరువు తొమ్మిదో అంతస్తు నుంచి కిందికి పడేశాను.

ఇంక ఒకే చోటుంది అన్నారాయన. చెప్పడానికే ఇష్టం లేనట్టు చెప్పారు.

వంతెన కింద

ఆ చోటు తువాస్‌లో ఉంది. దీవికి పడమటి చివర, ఓడలు కట్టే యార్డులూ ఫ్యాక్టరీలూ ఉండే వైపు. దారిలో ఒక లారీ మమ్మల్ని దాటింది. వెనక తెరిచిన జాగాలో పాతికమంది కూలీలు ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేలా కూర్చున్నారు. ఒకడు తెలుగులోనే పక్కవాడి మీద విసుక్కుంటున్నాడు, మాట కరీంనగర్ వైపుది. బండి వెనక కూర్చున్న నాకు హెల్మెట్ లేకపోతే జరిమానా. వాళ్లకి పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు, అది తప్పు కాదట. ఏ దేశం నియమాలు ఆ దేశానివి.

సగం దారిలో వాన. ఇక్కడ వాన చెప్పి రాదు, వచ్చాక ఆగదు. బండ్లన్నీ ఒక పెద్ద వంతెన కింద ఆగాయి. పదిహేను మంది దాకా ఉన్నాం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, అందరూ రోడ్డు వైపే చూస్తారు. ఒకడు తిరగేసిన కోటు విప్పి పిండుకుని మళ్లీ తిరగేసే వేసుకున్నాడు. అక్కడ నేను ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను.

"తప్పు నాదేనండీ అంకుల్. మా బావగారు చెప్పినా వినలేదు."

ఆయన వానవైపే చూస్తూ అన్నారు: "నాదీ ఉంది లే బాబూ. ముప్పై ఏళ్లు బండి మీదే ఉన్నాను. ఆ సప్పుడు నాకు ఇనబడాల. ఇనబళ్లేదు. సెవులు సగం పోనాయి. ఎవులికీ సెప్పలేదు, ఆఫీసులో తెలిస్తే పంపీస్తారని."

నిన్న సాయంత్రం ఆయన తలూపినప్పుడు ఆయన వినలేదని, సైలెన్సర్ గాలి చేత్తో చూసి ఊపారని అప్పుడు అర్థమైంది. చప్పుడు విని జబ్బు చెప్పేవాణ్ణి, పక్కన నిలబడ్డ మనిషి జబ్బు కనిపెట్టలేకపోయాను.

తువాస్

అది పాత బండ్లని తుక్కు చేసే యార్డు. అప్పలసామి గారు గేటుకి వంద గజాల ముందే, మలుపు తిరగకుండా, ఒక చెట్టు పక్కన బండి ఆపేశారు. లోపల బోలెడంత జాగా ఉంది కదా, తీసుకెళ్దామన్నాను. ఇక్కడే ఉండనీ అన్నారు.

"దానికి ఈ సోటు సూపించడం ఎందుకు?"

లోపల వందల బండ్లు వరుసగా పడి ఉన్నాయి. తుక్కంటే తుప్పు పట్టినవే ఉంటాయనుకున్నాను. ఇవి తళతళలాడుతున్నాయి. కొన్నిటి సీట్లు కూడా చిరగలేదు. ఆ దేశంలో బండికి పదేళ్ల అనుమతి ఇస్తారట. పదేళ్లు నిండితే మళ్లీ అనుమతి కొనుక్కోవాలి, లేకపోతే బండిని ఇలా అప్పగించాలి. బండి బాగుందా పాడైందా అని ఎవరూ అడగరు. యార్డు యజమానురాలు చైనా ఆవిడ, మోచేతుల దాకా తొడుగులు వేసుకుంది. అప్పలసామి గారు మలయ్‌లో అడిగితే మూడో వరుస చూపించింది.

అక్కడ ఆయన బండికి కవల ఉంది. అదే మోడల్, అదే నీలం. అలవాటు కొద్దీ కిక్ కొట్టాను. మొదటి కిక్‌కే అందుకుంది. పొగ లేదు, తడబాటు లేదు. మా షాపుకి వచ్చే సగం బండ్లకి ఇంత ఆరోగ్యం లేదు. దాన్ని రేపో ఎల్లుండో యంత్రంలో పెట్టి నొక్కేస్తారు. నాకు ఏడుపొచ్చినంత పనయింది. ఒక ఇనుప ముక్క కోసం అలా అవడం వేరేవాళ్లకి నవ్వులాటగా ఉంటుందేమో, నా అన్నం ఆ ఇనుములోంచే వచ్చింది.

ఇంజను ఆపి, బోల్టు విప్పి, జాలీ లాగాను. మసి తక్కువగా ఉంది. ఆవిడ రెండు డాలర్లు తీసుకుంది. అప్పలసామి గారు ఆ బండి సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"మనదీ ఇక్కడికే వస్తాది. నా పని ఏ నెల అయిపోతాదో, దాని పేపరూ అదే నెల. ఇద్దరం ఒకేసారి హాబిస్" అన్నారు.

హాబిస్ అంటే మలయ్‌లో అయిపోవడం. మళ్లీ అనుమతి కొనరా అని అడిగాను. పని లేనివాడికి బండెందుకు అన్నారు. ఆ ఎనిమిది నెలలు ఆయన ఒక్కరివీ కాదని, బండివీ అని అప్పుడు తెలిసింది. వాటిని తను అనుకున్నట్టుగా పూర్తి చెయ్యాలన్నదే ఆయన కోరిక.

చెట్టు దగ్గర దినపత్రిక పరిచి, ఆయన సీసాలో తెచ్చిన కిరసనాయిలుతో జాలీ కడిగి బిగించాను. స్టార్టు చేశాను. పాత చప్పుడు కంటే మెత్తగా ఉంది. నేను వేలితో సైలెన్సర్ చూపించి తలూపాను. ఆయన నా ముఖం చూసి తలూపారు.

శుక్రవారం

మర్నాడు అదే మలయ్ యువకుడు మైకు పెట్టి, అంకె చూసి, టార్చి వేసి, ఈసారి నవ్వాడు. పాస్. మధ్యాహ్నానికి పన్ను కట్టేశారు, సాయంత్రానికి ఆయన మళ్లీ కాగితాలు మోశారు. పద్మ ఆ రాత్రి పప్పుచారు, వంకాయ కూర చేసి ఆయన్ని భోజనానికి పిలిచింది. రఘు ఒక్క మాట కూడా నన్ను దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

భోజనం చేస్తూ అప్పలసామి గారు మా ఊళ్లో బండికి ఎన్నేళ్లు గడువని అడిగారు. ఉంది గానీ కాగితం మీదే, బండి నడిచినన్నాళ్లు నడుస్తుందని చెప్పాను. నా షాపుకి నాకంటే వయసులో పెద్ద బండి ఒకటి వస్తుందని కూడా చెప్పాను. ఆయన అన్నం కలపడం ఆపి ఆలోచించారు.

"అయితే ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తాది బాబూ?"

పద్మ మజ్జిగ పోసింది, మాట అక్కడితో ఆగింది.

మిగిలిన రోజుల్లో రఘు నాకు సముద్రం ఒడ్డు, సింహం బొమ్మ, పూలతోట చూపించాడు. బాగున్నాయి.

తణుకు

మరుసటి ఏడు వేసవి సెలవులకి పద్మ వచ్చింది. పెట్టె విప్పుతూ, సబ్బులూ చాక్లెట్ల మధ్య నుంచి చైనా అక్షరాల దినపత్రికలో చుట్టిన పొట్లం ఒకటి తీసి నా చేతికిచ్చింది. బరువు చూడగానే తెలిసింది. జాలీ. గీకి, కడిగి, పల్చగా నూనె రాసి ఉంది.

అప్పలసామి గారు ఆఖరి రోజు వరకూ పని చేశారట. మర్నాడు బండి తుడిచి, తనే నడుపుకుంటూ తువాస్ వెళ్లారట. ఈసారి గేటు లోపలికి తీసుకెళ్లారట. అప్పగించే ముందు ఈ ముక్కొకటి విప్పుకుని, బస్సులో ఇంటికొచ్చి, పద్మకిచ్చారట.

"ఈసారి చ్యూట్‌లో పడెయ్యొద్దని చెప్పమన్నారు అన్నయ్యా" అంది పద్మ.

దాన్ని నూనె డబ్బాలో వెయ్యబుద్ధి కాలేదు. గోడకి మేకు కొట్టి కొన్నాళ్లు తగిలించాను. మా బజారులో పాలు పోసే వెంకట్రావుది అదే కంపెనీ బండి, పద్దెనిమిదేళ్లది. వర్షాకాలంలో అతని జాలీ పుచ్చిపోయి, మోతకి వీధిలో కుక్కలు వెంటపడటం మొదలుపెట్టాయి. మేకు మీది గొట్టం తీసి, అంచు కొంచెం ఆకురాయి పట్టి, బిగించాను. సరిపోయింది. ఇప్పుడు రోజూ ఉదయం రెండు క్యాన్లు కట్టుకుని నా షాపు ముందు నుంచి మెత్తగా పోతుంటాడు.

మొన్న పద్మ ఫోను చేసినప్పుడు అప్పలసామి గారితో ఒక మాట చెప్పమన్నాను. ఆయన జాలీ ఇంకా ఆగలేదని.